పచ్చబొట్టు చెరగదు, ముడత పోదు: చర్మానికి వయసు ఎటునుంచి వస్తుంది?

(శ్రీకాకుళంలో విశ్రాంత ఉద్యోగులు, మహిళా సంఘాల సభ్యుల సమావేశంలో ఒక చర్మవైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో పెద్దలున్నారు, ఈ పక్క డ్వాక్రా అక్కచెల్లెళ్లున్నారు, వెనకాల డిగ్రీ చదివే పిల్లలు కూడా కనబడుతున్నారు. చర్మానికి ముసలితనం ఎందుకొస్తుందో చెప్పమని పిలిచారు. పుస్తకాల్లో మాట తర్వాత చెబుతాను. ముందు మా మామ్మ చేతుల గురించి చెప్పాలి. ఈ పాఠం నేను మొదట నేర్చుకున్నది ఆ చేతుల దగ్గరే.

మామ్మకు ఆఖరి రోజుల్లో కాళ్లు స్వాధీనంలో లేవు. నేను మెడిసిన్ చదువుతూ సెలవులకు ఇంటికొస్తే ఆమెకు స్నానం చేయించే పని నాదే. చిన్నప్పటి నుంచీ పొలం పని చేసిన మనిషి. మోచేతి నుంచి మణికట్టు దాకా చర్మం చింతచెట్టు బెరడులా ఉండేది. ఆ బెరడు మధ్యలో పచ్చబొట్టు. ఒక చుక్కల వరస, దాని కింద తేలు బొమ్మ. మెడ వెనక ఎండిన చెరువులో నేల బీటలు వారినట్టు అడ్డంగా, నిలువుగా గీతలు. రవిక తీసి వీపు మీద నీళ్లు పోసేటప్పుడు మాత్రం నా చెయ్యి ఆగిపోయేది. అక్కడ చర్మం పలచబడింది, కాస్త వదులైంది, కానీ ఎంత నునుపో! ఒక్క మచ్చ లేదు. రవిక చెయ్యి ఎంతవరకు ఉంటుందో సరిగ్గా అంతవరకు, గీత గీసినట్టు తేడా. గీతకు ఇటు ఒక వయసు, అటు ఇంకో వయసు. మనిషి ఒక్కతే, పుట్టిన ఏడాది ఒక్కటే, తిన్న గంజి ఒక్కటే.

మీరూ ఇప్పుడే చూసుకోవచ్చు. చెయ్యి కాస్త ఎత్తి జబ్బ లోపలి వైపు, చంక దగ్గర్లో చూడండి. తర్వాత అదే చెయ్యి తిప్పి ముంజేయి పైభాగం చూడండి. చూశారా? లోపలి వైపు కనబడేది మీ అసలు వయసు. పైన కనబడేది ఆ వయసు మీద ఎండా పొగా కలిసి వేసిన వడ్డీ. మా వైద్యంలో మొదటిదానికి లోపలి కారణాలనీ, రెండోదానికి బయటి కారణాలనీ పేరు. జబ్బ లోపలి చర్మాన్ని, ముంజేతి చర్మాన్ని పక్కపక్కన పెట్టి చూడటం చర్మవైద్యులు నిజంగా చేసే పరీక్షే.

ఇప్పుడు పచ్చబొట్టు సంగతి. చర్మం పై పొర ఎప్పటికప్పుడు కొత్తది అవుతూ ఉంటుంది. అడుగున పుట్టిన కణం మెల్లగా పైకి జరిగి, చివరికి చచ్చి, పొలుసై రాలిపోతుంది. వయసులో ఉన్నవాళ్లకు ఈ ప్రయాణం దాదాపు 28 రోజులు. ముసలితనంలో 40 రోజులు దాటుతుంది. అందుకే పెద్దవాళ్లకు చిన్న గీరు మానడానికి కూడా అన్ని రోజులు పడుతుంది. మామ్మ జీవితకాలంలో ఆమె చేతి మీద పై పొర కొన్ని వందలసార్లు పోయి కొత్తది వచ్చి ఉంటుంది. మరి చిన్నప్పుడెప్పుడో పొడిపించుకున్న తేలు ఎందుకు పోలేదు?

సూది ఆ మసిని దింపింది పై పొరలో కాదు గనక. కింది పొరలో దింపింది. అక్కడ ఒంటికి కాపలా కాసే కణాలు ఆ మసి రేణువుల్ని మింగి కూర్చుంటాయి. ఒక కణం చచ్చిపోతే అది వదిలిన మసిని పక్కనున్నది మింగుతుంది. ఫ్రాన్స్ శాస్త్రవేత్తలు 2018లో ఎలుకల మీద పరిశీలించి ఈ సంగతి బయటపెట్టారు. చేతులు మారుతూ మారుతూ మసి అక్కడే ఉండిపోతుంది.

పచ్చబొట్టు ఉన్న ఆ కింది పొరే ముడతలకూ పుట్టిల్లు. ఈ ఒక్క ముక్క మీరు పట్టుకుంటే మిగతా ప్రసంగమంతా దానికే అల్లుకుంటుంది.

నులక మంచం అందరికీ తెలుసు కదా. కింది పొర అలాంటిదే. నులక తాళ్లు కొల్లాజెన్. నీరు తీసేసి తూస్తే ఆ పొర బరువులో నాలుగింట మూడు వంతులు అదే ఉంటుంది. తాళ్ల మధ్యలో ఎలాస్టిన్ అని సాగే దారాలుంటాయి. లాగి వదిలితే చర్మం మళ్లీ యథాస్థానానికి వెళ్లేది వాటివల్లే. ఈ నులక అల్లేవి ఫైబ్రోబ్లాస్ట్ అనే కణాలు. నులక బిగువుగా ఉన్నంతకాలం పైన పరిచిన దుప్పటి సాఫీగా ఉంటుంది. నులక వదులైతే దుప్పటి ఎంత ఖరీదైనదైనా పల్లం పడుతుంది.

టీవీలో చూపించే కొల్లాజెన్ క్రీములు నేను ఎందుకు రాయనో కూడా ఇక్కడే చెప్పేస్తాను. కొల్లాజెన్ అణువు బరువు దాదాపు 3 లక్షల డాల్టన్లు. చర్మం దాటి లోపలికి వెళ్లగలిగేవి మామూలుగా 500 డాల్టన్ల లోపు ఉండాలి. ఏనుగును కిటికీలోంచి ఇంట్లోకి పంపాలని చూడటమే అది. పైన రాసుకుంటే తడి నిలుస్తుంది, చర్మం కాసేపు నిగనిగలాడుతుంది, అంతవరకే. ఆ మేలు కొబ్బరినూనె కూడా చేస్తుంది.

ముందు లోపలి కారణాలు. ఇరవై దాటిన దగ్గర్నుంచీ ఏటా ఒక శాతం చొప్పున కొల్లాజెన్ తగ్గుతూ వస్తుంది. కణం ఎన్నిసార్లు చీలగలదో దానికీ ఒక లెక్క ఉంది. అమెరికాలో లెనార్డ్ హేఫ్లిక్ 1961లో మనిషి ఫైబ్రోబ్లాస్ట్ కణాల్ని గాజు పాత్రల్లో పెంచి చూశారు. అవి 50 సార్ల వరకు చీలి ఆగిపోయాయి. కణంలో జన్యు పదార్థాన్ని మోసే క్రోమోజోముల చివర టెలోమియర్ అని ఒక తొడుగు ఉంటుంది, బూటు లేసు చివర ప్లాస్టిక్ ముక్కలాగా. కణం చీలిన ప్రతిసారీ అది కొంచెం అరుగుతుంది. ఈ టెలోమియర్ క్రోమోజోముల్ని ఎలా కాపాడుతుందో తేల్చిన ముగ్గురికి 2009లో నోబెల్ బహుమతి ఇచ్చారు. అరిగి ఆగిపోయిన కణాల్లో కొన్ని చావవు. పని చెయ్యవు, చోటు ఖాళీ చెయ్యవు, పక్క కణాలకు వాపు పుట్టించే రసాయనాలు వదులుతూ కూర్చుంటాయి. దీంతోపాటు బుగ్గల్లో కొవ్వు తగ్గుతుంది, దవడ ఎముక కూడా అరుగుతుంది. ముఖం వాలినట్టు కనబడటంలో వీటి వాటా చాలా ఉంది.

ఆడవాళ్లకు ఇంకో మాట చెప్పాలి. ఇది మన రాష్ట్రంలో తప్పక చెప్పాల్సిన మాట. ముట్లు ఆగిపోయాక మొదటి అయిదేళ్లలోనే చర్మంలో కొల్లాజెన్ దాదాపు 30 శాతం పోతుంది. అండాశయాల్లో తయారయ్యే ఈస్ట్రోజెన్ అనే హార్మోను తగ్గడమే దానికి కారణం. యాభై దాటాక "ఒక్కసారిగా ముసలిదాన్నయిపోయానమ్మా" అని నా దగ్గరకొచ్చి చెప్పేవాళ్లు అబద్ధం చెప్పడం లేదు. వాళ్లకు నిజంగానే అలా జరిగింది.

మరి ముప్పై అయిదేళ్లకే గర్భసంచి తీసేస్తే? 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 3 శాతం పైచిలుకు మందికి గర్భసంచి తీసేశారని తేలింది. ఆంధ్రప్రదేశ్‌లో అది దాదాపు 9 శాతం. దేశంలోనే అందరికంటే ఎక్కువ. గర్భసంచితో పాటు అండాశయాలు కూడా తీసేస్తే ఈస్ట్రోజెన్ ఆ రోజుతోనే పడిపోతుంది. అండాశయాలు ఉంచినా అవి కొన్నేళ్లు ముందే అలసిపోవచ్చు. ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు, వీటితో పోలిస్తే చర్మం చిన్న విషయమే. కానీ బయటికి ముందుగా కనబడేది చర్మమే. నలభై ఏళ్ల మనిషి చర్మం అరవై ఏళ్ల మనిషిలా పొడిబారి, పలచబడి కనిపిస్తే, నేను క్రీము రాసే ముందు ఆపరేషన్ సంగతే అడుగుతాను. "తెల్లబట్ట అవుతోందంటే తీసెయ్యమన్నారు" అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. క్యాన్సర్‌లాంటి గట్టి కారణం లేకుండా ఆ ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు ఇంకో డాక్టర్ని కూడా అడగండి తల్లీ.

ఇప్పుడు అందరూ ఒకసారి నమస్కారం పెట్టండి. అరచేతులు, వేళ్లు పూర్తిగా ఆనించి, మోచేతులు పక్కలకు ఎత్తండి. వేళ్ల మధ్యలో సందు ఉందేమో చూసుకోండి. ఏళ్ల తరబడి షుగర్ ఉన్నవాళ్లలో కొందరికి ఈ వేళ్లు ఆనవు. మధ్యలో గుడ్డు పట్టేంత సందు ఉండిపోతుంది. అదుగో, మాస్టారు నవ్వుతున్నారు గానీ ఆయన చేతుల మధ్య సందు కనబడుతోంది. మాస్టారూ, షుగర్ ఎన్నాళ్లనుంచి? పద్దెనిమిదేళ్లా? సరే, సభ అయ్యాక మనం మాట్లాడుకుందాం.

ఎందుకు ఆనవంటే, నెత్తుట్లో ఎక్కువైన చక్కెర కొల్లాజెన్ తాళ్లకు అంటుకుంటుంది. అంటుకుని ఒక తాడును ఇంకో తాడుకు అతికించేస్తుంది. పాకం ఒలికిన నులకను ఊహించుకోండి. ఎండాక తాళ్లు బిరుసెక్కి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. సాగవు, ఒంగవు, వాటిని విప్పి కొత్త తాడు వెయ్యడం కూడా ఒంటికి కష్టమవుతుంది. మూడు నెలలకోసారి హెచ్‌బీఏ1సీ చేయిస్తారు కదా, అందులో కొలిచేది కూడా ఇలాంటిదే, నెత్తుటిలోని హిమోగ్లోబిన్‌కు చక్కెర ఎంత అంటిందని. ఆ పని షుగర్ లేనివాళ్ల ఒంట్లో కూడా జరుగుతుంది, చాలా మెల్లగా. షుగర్ అదుపులో లేనివాళ్లకు వేగంగా జరుగుతుంది. ముఖానికి ఏం రాయమంటారని అడిగే షుగర్ మనిషికి నేను మొదట చెప్పేది ఆ రిపోర్టు తెమ్మనే.

నిద్ర చాలకపోవడం, మద్యం, సరైన తిండి లేకపోవడం, ఇవి కూడా చర్మం మీద కనబడతాయి. వాటిని మీకు ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండ దగ్గరికి వెళ్దాం. బయటి కారణాల్లో పెద్దన్న అదే.

ఎండలో కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు మనల్ని చేరేవి రెండు రకాలు. యూవీబీ పై పొరలో ఆగుతుంది, కాలుస్తుంది, కందిస్తుంది. అది చేసే పని మనకు సాయంత్రానికి తెలిసిపోతుంది. యూవీఏ కాల్చదు, మంట పుట్టించదు, తిన్నగా పచ్చబొట్టు ఉన్న పొరకు దిగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఉంటుంది. మబ్బు పట్టినా ఉంటుంది. కిటికీ అద్దం యూవీబీని ఆపుతుంది, యూవీఏని చాలామటుకు రానిచ్చేస్తుంది.

దీనికి ఒక ఫొటో సాక్ష్యం ఉంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అనే వైద్యపత్రికలో వచ్చింది. అమెరికాలో 69 ఏళ్ల మనిషి, 28 ఏళ్లు సరుకుల ట్రక్కు నడిపాడు. ముఖంలో కుడి సగం వయసుకు తగ్గట్టు ఉంది. ఎడమ సగం పదిహేను, ఇరవై ఏళ్లు పెద్దదిలా ఉంది. లోతైన ముడతలు, దళసరెక్కిన చర్మం. ఒకే ముక్కుకు ఇటూ అటూ. వాళ్ల దేశంలో డ్రైవరు ఎడమవైపు కూర్చుంటాడు, కిటికీ ఎడమ చెంప పక్కన ఉంటుంది. మన దగ్గర డ్రైవరు కుడివైపు. నా దగ్గరకొచ్చే బస్సు, లారీ డ్రైవర్లకు కుడి చెంప, కుడి ముంజెయ్యి చూపిస్తాను. అద్దంలో పోల్చి చూసుకుని వాళ్లే ఆశ్చర్యపోతారు. ఇన్నేళ్లూ గమనించలేదంటారు.

లోపల ఏం జరుగుతుందంటే, ఎండ తగలగానే చర్మ కణాలు కొల్లాజెన్‌ను కోసే ఎంజైములను వదులుతాయి. ఇవి చర్మంలో ఎప్పుడూ కొద్దిగా ఉండేవే, పాత తాడు కోసి కొత్తది వెయ్యడానికి. ఎండ వాటిని మోతాదు మించి విడుదల చేయిస్తుంది. అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 1990లలో చూపించినది ఏమిటంటే, చర్మం కంది ఎర్రబడేంత ఎండ కూడా అక్కర్లేదు, అంతకంటే చాలా తక్కువకే ఈ ఎంజైములు లేస్తాయి. కోసినచోట ఒళ్లు మళ్లీ అల్లుకుంటుంది, కానీ అతుకు సరిగ్గా పడదు. రోజూ కనబడని చిన్న అతుకు. అలాంటివి వేలకు వేలు కలిసి ముడతవుతాయి. ఎలాస్టిన్ దారాలేమో ఉండలు చుట్టుకుపోయి పనికిరాకుండా పోతాయి. మామ్మ మెడ వెనక గీతలు అవే.

మన జిల్లాలో ఈ లెక్క ఇంకా పెద్దది. నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసేవాళ్లకు ఎండ పైనుంచీ పడుతుంది, తెల్లటి ఉప్పు మీద పడి కిందనుంచీ వస్తుంది. భావనపాడు, కళింగపట్నం తీరాల్లో వేటకెళ్లేవాళ్లకు కూడా అంతే. పొడి ఇసుక తన మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో 15 శాతం, నురగ నీరు 25 శాతం తిప్పి కొడతాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. టోపీ పెట్టుకున్నా గడ్డం కిందకీ, ముక్కు కిందకీ ఎండ చేరుతుందన్నమాట.

అయినా మనవాళ్లకు ఒక అండ ఉంది. మెలనిన్. మన చర్మానికి రంగునిచ్చే పదార్థం. అది ప్రతి కణంలోనూ జన్యు పదార్థం మీద గొడుగులా నిలబడుతుంది. బాగా నల్లటి చర్మంలో పై పొర ఒక్కటే దాదాపు 13 ఎస్‌పీఎఫ్ సన్‌స్క్రీన్ చేసే పని చేస్తుంది, తెల్లవాళ్లకు అది 3 చిల్లర. ఎస్‌పీఎఫ్ అంటే ఎండ నుంచి ఎంత కాపు ఉందో చెప్పే అంకె. మనం ఆ రెండింటికీ మధ్యలో ఎక్కడో ఉంటాం. అందుకే యూరప్ వాళ్లకు ముప్పైల్లోనే కనబడే ముడతలు మనకు పదేళ్లు ఆలస్యంగా వస్తాయి.

ముడత కంటే ముందు మనకు వచ్చేది రంగు మార్పు. బుగ్గల మీద మంగు, కణతల దగ్గర నలుపు, పెదాల చుట్టూ నలుపు, కళ్ల కింద, మెడ మీద సన్నటి నల్ల పులిపిర్లు. చర్మం ఒకే రంగులో లేకుండా అక్కడొకటి ఇక్కడొకటిగా మారుతుంది. మన చర్మం ముసలితనాన్ని ఇలా రంగులో మొదలుపెడుతుంది. మనం దాన్ని వయసని గుర్తించం. "నల్లబడిపోయాను" అనుకుంటాం. నల్లబడితే ఏం చేస్తాం? తెల్లబడే క్రీము కొంటాం. ఈ ఒక్క పొరపాటు మన చర్మాలకు చేస్తున్న నష్టం నేను రోజూ చూస్తున్నాను. ఇవాళ ఇక్కడికి రావడానికి అసలు కారణం ఇదే.

ముప్పై రెండేళ్ల అమ్మాయి. బుగ్గల మీద మంగు వచ్చిందని పక్కింటావిడ చెబితే మందుల షాపులో ఒక ట్యూబు కొనుక్కుంది. పది రోజుల్లో తెల్లగా మెరిసింది. అందరూ బాగుందన్నారు. మూడేళ్లు రాసింది. నా దగ్గరకొచ్చేసరికి చున్నీ ముఖం మీద నుంచి తియ్యలేదు. తీశాక చూస్తే బుగ్గల మీద ఎర్రటి సన్న నాళాలు సాలెగూడులా పైకి కనబడుతున్నాయి. చర్మం ఉల్లిపొరలా ఉంది. గడ్డం దగ్గర వెంట్రుకలు, నుదుటి మీద మొటిమలు. ఇంట్లో ట్యూబ్‌లైటు కింద కూర్చున్నా మంటేనట. మానేస్తే రెండు రోజుల్లో ముఖం వాచిపోతుంది, అందుకని మానలేకపోయింది. సంచిలోంచి ట్యూబు తీసి చూపించింది. చివరి చుక్క కోసం అడుగు నుంచి చుట్టి చుట్టి పెట్టుకుంది. మీద చిన్న అక్షరాల్లో స్టిరాయిడ్ పేరు రాసి ఉంది.

స్టిరాయిడ్ పూతమందు చెడ్డది కాదు. గజ్జికి వాడకూడదు గానీ ఎగ్జిమాకు, సొరియాసిస్‌కు నేనే రాస్తాను. ఎన్నిరోజులు, ఒంట్లో ఏ భాగానికి, అదంతా లెక్క చూసి రాస్తాను. ముఖానికి నెలల తరబడి రాస్తే అది నులక అల్లే కణాల చేతులు కట్టేస్తుంది. కొత్త కొల్లాజెన్ ఆగిపోతుంది. ఎండ ఇరవై ఏళ్లలో చేసేది ఇది రెండేళ్లలో చేస్తుంది. మన దేశంలో చర్మవైద్యుల సంఘం తరఫున పలు కేంద్రాల్లో చేసి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముఖం మీద చర్మ సమస్యలతో వచ్చినవాళ్లలో దాదాపు 15 శాతం మంది అప్పటికే ముఖానికి స్టిరాయిడ్ వాడుతున్నారని తేలింది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి పూతమందుల్ని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని జాబితాలో చేర్చింది. అయినా దొరుకుతున్నాయి. ఇంటికెళ్లి ముఖానికి రాసే ట్యూబు తిప్పి చదవండి. క్లోబెటసాల్, బీటామెథసోన్, మొమెటసోన్, ఫ్లూసినోలోన్, ఈ పేర్లలో ఏదైనా ఉంటే, డాక్టరు చూసి రాసింది కాకపోతే, నా దగ్గరకు గానీ, రిమ్స్ ప్రభుత్వ ఆసుపత్రిలో చర్మవ్యాధుల విభాగానికి గానీ రండి. ఒక్కసారిగా మానకండి, మెల్లగా మానిపించే పద్ధతి ఉంది. ఆ అమ్మాయికి ఎనిమిది నెలలు పట్టింది. ఇప్పుడు చున్నీ లేకుండా వస్తోంది.

ఇక పొగ. మన ప్రాంతంలో అడ్డపొగ తెలియనివాళ్లుండరు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. మా మామ్మ కూడా కాల్చేది. ఈ జిల్లా పల్లెల్లో పదివేల మందికి పైగా నోరు పరీక్షించి చేసిన సర్వే 1971లో ఒక బ్రిటిష్ క్యాన్సర్ పత్రికలో వచ్చింది. అంగిలి క్యాన్సర్ గురించిన చర్చలో ప్రపంచమంతా మన పల్లెల పేరు చెబుతుంది. చర్మం సంగతికొస్తే, ఏ రకంగా పీల్చినా పొగాకు చర్మానికి వెళ్లే సన్న రక్తనాళాల్ని బిగిస్తుంది, ఎండ లేపే ఎంజైములనే లేపుతుంది. పొగ తాగేవాళ్ల పెదాల పైన నిలువు గీతలు, కళ్ల చివర ముడతలు ముందే వస్తాయి. ఎండా పొగా రెండూ ఉన్నవాళ్లకు ఒకటికొకటి తోడై ఇంకా ఎక్కువ. కట్టెల పొయ్యి పొగ కూడా లెక్కలోదే. చైనాలో బొగ్గు, కట్టెల మీద వండే ఆడవాళ్లలో ముఖం మీదా చేతుల మీదా ముడతలు ఎక్కువని చూశారు. జర్మనీలో రూర్ పారిశ్రామిక ప్రాంతంలో 400 మంది మహిళల్ని పరిశీలించి 2010లో చెప్పిందేమంటే, రోడ్డు మసి ఎక్కువగా ఉన్నచోట ముఖం మీద నల్ల మచ్చలు 20 శాతం ఎక్కువ. గ్యాసు వచ్చాక కూడా నీళ్లు కాచడానికి కట్టెలే వాడే ఇళ్లు మనకు చాలా ఉన్నాయి. కనీసం ఆ పొయ్యి ఆరుబయట పెట్టుకోండి.

ఏం చెయ్యాలో చెప్పమంటారు, చెబుతాను. వరినాట్లకు వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకుని, తలకు తువ్వాలు చుట్టుకుంటారు, చూశారు కదా. అంతకంటే మంచి సన్‌స్క్రీన్ నా దగ్గర లేదు. చెమటకు కారిపోదు, రెండు గంటలకోసారి మళ్లీ రాయక్కర్లేదు. నీడ మన ఎత్తు కంటే పొట్టిగా ఉందంటే అతినీలలోహిత కిరణాలు బలంగా ఉన్నట్టే. గడియారం అక్కర్లేదు, మీ నీడ చూసుకుంటే చాలు. ఉపాధి పనులకు పొద్దున్నే వెళ్లి ఎండ ముదిరేలోపు వచ్చెయ్యాలని వేసవిలో అడగడం ఒక్క వడదెబ్బ కోసమే కాదు, మీ చర్మం కోసం కూడా. పని చోట నీడ కావాలని గట్టిగా అడగండి.

సన్‌స్క్రీన్ కొనగలిగినవాళ్లు ఎస్‌పీఎఫ్ 30 తీసుకోండి చాలు. సరిగ్గా రాస్తే అది యూవీబీలో 97 శాతం ఆపుతుంది. సరిగ్గా అంటే చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకూ సరిపోతుంది. మనవాళ్లు బఠాణీ గింజంత రాసి "పని చెయ్యడం లేదు" అంటారు. మంగు ఉన్నవాళ్లకు మామూలు వెలుతురు కూడా రంగు పెంచుతుంది కాబట్టి, ఐరన్ ఆక్సైడ్ కలిపిన లేత గోధుమరంగు రకం మేలు. ఆస్ట్రేలియాలో నాంబూర్ అనే ఊళ్లో 900 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపును రోజూ రాయమన్నారు, ఇంకో గుంపును ఇష్టముంటే రాసుకోమన్నారు. నాలుగున్నరేళ్ల తర్వాత రోజూ రాసినవాళ్ల చర్మంలో వయసు మార్పులు 24 శాతం తక్కువ. 2013లో ప్రచురించారు. వాళ్లు తెల్లవాళ్లు, వాళ్లకు ఎండ చేసే చేటు మనకంటే ఎక్కువ, ఆ తేడా మనసులో పెట్టుకునే ఈ మాట చెబుతున్నాను.

కింది పొర దాకా పనిచేసే పూతమందుల్లో ఎక్కువకాలంగా పరీక్షకు నిలిచింది ట్రెటినోయిన్. విటమిన్ ఏ చుట్టం. మొటిమలకు వాడుతుంటే ముడతలు కూడా తగ్గుతున్నాయని గమనించి, 1986లో అమెరికాలో ఆల్బర్ట్ క్లిగ్‌మన్ బృందం ప్రచురించింది. కొత్త కొల్లాజెన్ అల్లిస్తుంది. నెలలు పడుతుంది. మన చర్మానికి దూకుడుగా వాడితే మంట పుట్టి, ఆ మంట మళ్లీ నల్ల మచ్చ అవుతుంది. గర్భిణులు వాడకూడదు. అందుకని సొంతంగా మొదలుపెట్టకండి.

ఇప్పుడు ప్రశ్నలు.

మాస్టారు అడుగుతున్నారు, చలికాలంలో కాళ్లు దురద, పొలుసులు, ముంజేతుల మీద దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు వస్తున్నాయని. రెండూ వయసువే మాస్టారూ. నూనె గ్రంథులు తగ్గాయి, చర్మం తడి నిలుపుకోలేకపోతోంది. మరుగు నీళ్లు మానండి, గోరువెచ్చటివి చాలు. సబ్బు చంకలకూ గజ్జలకూ మాత్రమే. తుడుచుకున్న వెంటనే, ఒళ్లు ఇంకా కాస్త చెమ్మగా ఉండగానే కొబ్బరినూనె రాయండి. కమిలిన మచ్చలేమో, నాళాల చుట్టూ ఉండాల్సిన నులక పలచబడి చిన్న ఒరిపిడికే చిట్లడం వల్ల. ప్రమాదం లేదు. నెత్తురు పలచబడే మాత్రలు వేసుకుంటుంటే మాత్రం ఆ మాట మీ డాక్టరుకు చెప్పండి.

వెనక నుంచి అమ్మాయి అడిగింది, ఎండలోకి వెళ్లకపోతే విటమిన్ డి ఎలా అని. మంచి ప్రశ్న తల్లీ. చేతులకూ కాళ్లకూ కాసేపు ఎండ తగిలితే ఒంటికి మంచిదే. ముఖాన్ని దాచుకుని ముంజేతులకు, పిక్కలకు తగలనివ్వు. తక్కువుందని పరీక్షలో తేలితే మాత్ర ఉంది. దాని కోసం ముఖాన్ని ఎండబెట్టక్కర్లేదు.

ఆ చీర కట్టుకున్న అమ్మ అడుగుతున్నారు, "అరవై దాటాయి, ఇప్పుడు కాపాడుకుంటే ఏం లాభం" అని. లాభం ఉందమ్మా. ఎండ పడటం ఆగితే కోసే ఎంజైములు తగ్గుతాయి, కణాలు మిగిలిన శక్తితో కాస్త కాస్త అల్లుకుంటాయి. లోతైన ముడత పోదు. కొత్తది ఆలస్యమవుతుంది, రంగు ఒకటవుతుంది, పలచని చర్మం చిట్లిపోకుండా నిలబడుతుంది. పెద్దవయసులో చిట్లిన చర్మం పుండై మంచాన పడేసిన మనుషుల్ని నేను చూశాను.

ఇంకొక్క మాట చెప్పి ఆపుతాను. వయసుతో వచ్చే మచ్చల్లో ఎక్కువ భాగం ఏమీ చెయ్యవు. కొన్నింటిని మాత్రం వదిలెయ్యకూడదు. నెల దాటినా మానని పుండు, అంచులు ఎగుడుదిగుడుగా పెరుగుతున్న మచ్చ, రంగు మారుతున్న పుట్టుమచ్చ, నెత్తురు కారే పులిపిరి. మనలాంటి చర్మంలో చెడ్డ మచ్చ, అంటే క్యాన్సర్ మచ్చ, ఎండ తగలని చోట కూడా వస్తుంది. అరికాలిలో, అరచేతిలో, గోటి కింద. చెప్పు కొరికిందనుకుని ఏళ్లు గడిపేస్తారు.

రెండో వరసలో అమ్మ ఇందాక గుమ్మం దగ్గర అరికాల్లో నల్లమచ్చ ఉందన్నారు, చూపించడానికి మొహమాటపడ్డారు. మీరు ఉండండమ్మా, ఈ కిటికీ దగ్గర వెలుతురు బాగుంది. కాలు కడుక్కుని రండి, చూద్దాం.